పెద్దనాన్న పాత ప్యూజోని ఫిక్స్‌డ్ గేర్ చేయాలి – వెనక చక్రం దగ్గర ఆగిపోయాను

కాచిగూడ_కుర్రోడు
మా పెద్దనాన్న 1970ల్లో అమెరికాలో ఎమ్మెస్ చేసేటప్పుడు కొన్న ఫ్రెంచి కంపెనీ ప్యూజో టెన్ స్పీడ్ సైకిల్ నా చేతికొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు సామాన్లతో పాటు ఓడలో వేయించారట. ఇన్నేళ్లూ మెట్ల కిందే ఉంది. స్టీలు ఫ్రేము, తుప్పు పైపైనే. గేర్లు మార్చే సింప్లెక్స్ డిరైలర్ మాత్రం ప్లాస్టిక్ పగిలిపోయి, ముట్టుకుంటే ముక్కలు రాలుతున్నాయి. అందుకే గేర్ల జోలికి పోకుండా ఫిక్స్‌డ్ చేద్దామనుకుంటున్నాను, అంటే ఒకే గేరు, చక్రం తిరిగినంతసేపూ పెడల్స్ కూడా తిరుగుతూనే ఉండే రకం.

తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే వెనక పళ్లచక్రం ఉంటుంది కదా, ఫ్రీవీల్. మా ఏరియా షాపులో అడిగితే "ఫ్రీవీల్‌కి నాలుగు చుక్కలు వెల్డింగ్ పెట్టిస్తే ఫిక్స్‌డ్ అయిపోతుంది" అన్నాడు. ఇంకో చోట "దీనికి పార్టులు దొరకవు, తుక్కుకి ఇచ్చేయండి" అన్నారు. ఆ మాటకి ఒళ్లు మండింది. తుక్కుకి ఇచ్చే ప్రసక్తే లేదు. వెల్డింగ్ మాట నమ్మొచ్చా? నమ్మకూడదంటే ఏం కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒకగేరు_చాలు
వెల్డింగ్ వద్దు.

నల్లకుంట_సైకిల్
వద్దంటే సరిపోదు కదా అన్నా, ఎందుకో చెప్పు. నాకూ తెలుసుకోవాలని ఉంది.

ఒకగేరు_చాలు
ఫ్రీవీల్ హబ్బుకి, అంటే చక్రం మధ్య భాగానికి, ఉన్న మర మీద ఎక్కుతుంది. ముందుకి తొక్కితే బిగుస్తుంది. ఫిక్స్‌డ్‌లో ఆగడానికి కాళ్లతో వెనక్కి నొక్కుతాం, అప్పుడు అదే మర ఊడే వైపు తిరుగుతుంది. వెల్డింగ్ పెట్టేది ఫ్రీవీల్ లోపలి భాగానికీ బయటి భాగానికీ మధ్య. హబ్బుకీ ఫ్రీవీల్‌కీ మధ్య పట్టుకునేది ఏమీ ఉండదు. అసలైన ట్రాక్ హబ్బుకి (పోటీ ట్రాక్ సైకిళ్లకి వాడే ఫిక్స్‌డ్ హబ్బు) రెండు మరలు ఉంటాయి. కాగ్‌కి అంటే వెనక పళ్లచక్రానికి మామూలు మర, దాని పక్కనే కాస్త చిన్న సైజులో, కాగ్ ఊడకుండా పట్టే లాక్‌రింగ్‌కి ఎడమ మర. వెనక్కి నొక్కినప్పుడు కాగ్ ఊడబోతే లాక్‌రింగ్ ఇంకా బిగుసుకుంటుంది. మొత్తం కిటుకు అక్కడే ఉంది.

గాలివాటం
లాక్‌రింగ్ లేకుండా కూడా నడుస్తుంది బ్రో. పాత ఫ్రీవీల్ హబ్బు మీద కాగ్ ఎక్కించి, మరకి లాక్‌టైట్ అనే జిగురు పూసి, పైన బాటమ్ బ్రాకెట్ (పెడల్ క్రాంకులు తిరిగే బేరింగు) లాక్‌రింగ్ బిగించుకుంటారు చాలామంది. నేనూ అలాగే తిరుగుతున్నాను, ఇప్పటివరకు ఏమీ కాలేదు.

వానకోయిల
దానికి సైకిల్ లోకంలో సూసైడ్ హబ్బు అనే పేరు ఊరికే రాలేదు. మా ఫ్రెండ్ ఒకడు ఫిల్మ్‌నగర్ దిగుడులో కాళ్లతో ఆపబోతే కాగ్ హబ్బు మీదే గిర్రున తిరిగింది. పెడల్స్ వెనక్కి తేలిపోయాయి, చక్రం మాత్రం ముందుకే పోతోంది. ముందు బ్రేకు ఉంది కాబట్టి ఈ రోజు మన మధ్య ఉన్నాడు. గాలివాటం, నీ బండికి ముందు బ్రేకు ఉందా?

గాలివాటం
లేదు. ఫిక్సీకి బ్రేకు పెడితే అందం పోతుంది అక్కా. కాళ్లే బ్రేకు.

బాలానగర్_లేత్
బ్రేకు గొడవ తర్వాత చూద్దాం, అది ఎలాగూ తెగదు. ముందు మరల సంగతి. నేను లేత్ మీద బతికేవాణ్ణి, మరలంటే నాకు పట్టింపు.

కాచిగూడ తమ్ముడూ, నీది 70ల నాటి ప్యూజో అంటున్నావు. అంటే ఫ్రెంచి మరలు అయ్యే అవకాశమే ఎక్కువ. మామూలుగా ఫ్రీవీల్ మర 1.37 అంగుళాలు, అంగుళానికి 24 పళ్లు, అంటే 34.8 ఎంఎం. ఫ్రెంచి హబ్బు 34.7 ఎంఎం, పిచ్ (మర పళ్ల మధ్య దూరం) 1 ఎంఎం. తేడా చూడ్డానికి వెంట్రుకవాసి. ఇప్పుడు దొరికే ట్రాక్ కాగ్‌ని ఫ్రెంచి హబ్బు మీద తిప్పితే రెండు చుట్లు ఎక్కినట్టే ఉండి పట్టేస్తుంది, లేకపోతే వదులుగా కూర్చుంటుంది. బలవంతం చేస్తే హబ్బు మర అల్యూమినియం కాబట్టి పొడి పొడిగా రాలుతుంది. దాని మీద లాక్‌టైట్ పోసి లాభం లేదు. కాబట్టి నీ విషయంలో గాలివాటం చెప్పిన పద్ధతి ఆలోచించడానికే లేదు. పాత చక్రాన్ని అలాగే గుడ్డలో చుట్టి పక్కన పెట్టు. ట్రాక్ హబ్బుతో కొత్త వెనక చక్రం తీసుకో.

కాచిగూడ_కుర్రోడు
@బాలానగర్_లేత్ ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్ అన్నా. మరి కొత్త చక్రం ఆ ఫ్రేములో పడుతుందా?

ఒకగేరు_చాలు
వెనక రెండు డ్రాపవుట్ల (యాక్సిల్ కూర్చునే గాడి ఉన్న ఫ్రేము చివర్లు) మధ్య లోపలి వైపు దూరం కొలువు. ఐదు గేర్ల కాలం ఫ్రేములు 120 ఎంఎం ఉండేవి, ట్రాక్ హబ్బు కూడా 120. ఆరు, ఏడు గేర్లకి 126, ఆ తర్వాత 130. నీది వెనక ఐదే కాబట్టి అదృష్టం బాగుండి నేరుగా కూర్చుంటుంది.

కాచిగూడ_కుర్రోడు
స్కేలు పెట్టి చూశాను. 120కి ఒక ఎంఎం అటూ ఇటూ.

ఒకగేరు_చాలు
అయితే సగం పెళ్లి అయిపోయింది.

నల్లకుంట_సైకిల్
నా ఫ్రేము 130 ఉంది. నేనూ చేసుకోవచ్చా?

ఒకగేరు_చాలు
స్టీలు అయితే చేసుకోవచ్చు. యాక్సిల్ మీద రెండు వైపులా ఐదేసి ఎంఎం స్పేసర్లు వేయాలి, అందుకు తగ్గ పొడవైన యాక్సిల్ కావాలి. ఫ్రేముని వంచి దగ్గరికి తెచ్చేవాళ్లూ ఉన్నారు, స్టీలుకి అది చెల్లుతుంది. అల్యూమినియం, కార్బన్ ఫ్రేముల్ని మాత్రం వంచకూడదు.

అంతకన్నా ముందు డ్రాపవుట్ గాడి ఎటు ఉందో చూడు. నిట్టనిలువుగా కిందికి ఉంటే చక్రం ముందుకీ వెనక్కీ జరగదు, చైను బిగువు సర్దలేవు. చైను వదులు లాగే స్ప్రింగ్ టెన్షనర్ పెడదామంటే ఫిక్స్‌డ్‌కి పనికిరాదు. వెనక్కి నొక్కినప్పుడు కింది చైను బిగుస్తుంది కాబట్టి ఆ స్ప్రింగ్ చెయ్యి వంగిపోతుంది. అలాంటి ఫ్రేముకి, యాక్సిల్ మధ్యలో కాకుండా పక్కకి ఉండే ఎక్సెంట్రిక్ హబ్బు కొనాల్సిందే.

నల్లకుంట_సైకిల్
నాది నిలువే. అల్యూమినియమే. అయితే నేను ప్రేక్షకుణ్ణి.

కాచిగూడ_కుర్రోడు
నా దాంట్లో గాడి దాదాపు అడ్డంగా, ముందుకి తెరుచుకుని ఉంది. డిరైలర్ ఫ్రేముకి అతికి లేదు, విడిగా ఒక రేకు ముక్కతో డ్రాపవుట్‌కి బిగించి ఉంది.

పాతసామాను
ఆ రేకు ముక్క విప్పి దాచు. ఏదీ కొయ్యనక్కర లేదు, ఏ కొక్కెమూ అరగదీయనక్కర లేదు. ఇది చెప్పడానికే వచ్చాను. చాలామంది ఫిక్సీ పేరుతో పాత ఫ్రేముల మీద రంపం పెడతారు. కేబుల్ గైడ్లు అరగదీసి, డిరైలర్ కొక్కెం కోసేసి, స్టిక్కర్లు గీకేసి, నలుపు పౌడర్ కోటింగ్ కొట్టిస్తారు. యాభై ఏళ్ల సైకిల్‌కి అది అన్యాయం. మన ఊళ్లో ఇలాంటివి ఎన్ని మిగిలాయి? ఎర్రగడ్డ ఆదివారం సంతకీ, జుమ్మేరాత్ బజారుకీ నేను వెళ్తూనే ఉంటాను. విదేశీ రోడ్ ఫ్రేము కనపడటమే గగనం, కనపడినా అప్పటికే ఎవరో సగం కోసి ఉంటారు.

విప్పిన ప్రతి ముక్కనీ కవర్లో వేసి, మీద పేరు రాసి పెట్టు. రేపు మీ పెద్దనాన్న మనవరాలు గేర్లతో కావాలంటే తిరిగి పెట్టుకునేలా ఉండాలి. రంగు వేయించకు. మెత్తటి గుడ్డ, కొంచెం మైనం చాలు. క్రోమ్ మీద తుప్పుని అల్యూమినియం ఫాయిల్ నీళ్లలో తడిపి రుద్దితే పోతుంది.

గాలివాటం
రంగు సంగతిలో పాతసామాను అన్నతో నేనూ ఏకీభవిస్తాను. ఒరిజినల్ రంగు మీద ఫిక్సీ చాలా బాగుంటుంది.

పాతసామాను
అయితే నీకూ నాకూ సగం రాజీ కుదిరింది. మిగతా సగం బ్రేకు.

ఓయూ_ట్రాక్
బ్రేకు మాట వచ్చింది కాబట్టి. 2002 నేషనల్ గేమ్స్ కోసం ఉస్మానియా క్యాంపస్‌లో కట్టిన వెలోడ్రోమ్‌లో (సైకిల్ పందేల ట్రాక్) నేను తొక్కినవాణ్ణి. ట్రాక్ సైకిల్‌కి బ్రేకు ఉండదు, నిజమే. ఎందుకుండదో కూడా తెలుసుకోవాలి. అందరూ ఒకే వైపు తిరుగుతారు. అడ్డం వచ్చేవాళ్లు లేరు, సిగ్నల్ లేదు, కుక్క లేదు. ఒక్కడు గట్టిగా బ్రేకు కొడితే వెనకున్న నలుగురు వాడి మీద పడతారు. అందుకని బ్రేకు లేకపోవడమే అక్కడ భద్రత. ఆగాలంటే గట్టు పైకి ఎక్కించి వేగం తగ్గించుకుంటాం.

అదే సైకిల్‌ని నారాయణగూడ చౌరస్తాలోకి తెస్తే లెక్క మొత్తం తిరగబడుతుంది. ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. వెనక చక్రానికి పట్టు తగ్గిపోతుంది. కాళ్లతో నువ్వు ఆపేది ఆ పట్టు తగ్గిన వెనక చక్రాన్నే. ఎంత బలమైన తొడలున్నా ముందు బ్రేకు ఆపినంత దగ్గరగా ఆపలేవు. ఇంగ్లండ్‌లో ఫిక్స్‌డ్ చక్రాన్ని వెనక బ్రేకుగా ఒప్పుకుంటారు, కానీ ముందు బ్రేకు ఉండి తీరాలని చట్టం. అది ఊరికే పెట్టిన నియమం కాదు.

గాలివాటం
అన్నా, స్కిడ్ కొట్టి ఆపుతాను కదా.

ఓయూ_ట్రాక్
జారే టైరు ఆపే శక్తి, దొర్లుతూ పట్టు మీద ఉన్న టైరు కన్నా తక్కువ. స్కిడ్ చూడ్డానికి బాగుంటుంది, ఆగడానికి ఎక్కువ దూరం తింటుంది. తమ్ముడూ, నువ్వు బాగా తొక్కుతావని నమ్ముతాను. ఎదురుగా యూటర్న్ కొట్టే ఆటోవాడికి ఆ సంగతి తెలియదు.

వానకోయిల
ఈ పోస్టుని పైన పిన్ చేయాలి.

మోకాలు_చిప్ప
నేను ఫిజియోథెరపిస్టుని, ఒక మాట చేర్చాలి. వెనక్కి నొక్కి ఆపేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువు మోస్తుంది. మెట్లు దిగేటప్పుడు జరిగేది అదే. అలవాటు లేని కండరం రెండో రోజుకి బాగా నొప్పి పెడుతుంది, మోకాలి చిప్ప కింద ఒత్తిడి పెరుగుతుంది. మొదటి వారాలు ఆపే పని ముందు బ్రేకుకే వదిలేయండి, కాళ్లు వేగాన్ని సర్దుకోవడానికి మాత్రమే. గేరు కూడా తేలికగా పెట్టుకోండి. పెద్ద గేరు పెట్టుకుని ఎక్కుడులో నిలబడి పీకి, మోకాలు పట్టుకుని వచ్చేవాళ్లని చూస్తుంటాను.

కాచిగూడ_కుర్రోడు
ముందు బ్రేకు ఉంచుతున్నాను. ఆ విషయంలో ఇక నాకు సందేహం లేదు. పాత మఫాక్ బ్రేకులు, మధ్యలో కేబుల్ లాగే రకం, గట్టిగానే ఉన్నాయి. గేరు సంగతి చెప్పండి. ముందు 52, 40 పళ్లు ఉన్నాయి. నేను తిరిగేది కాచిగూడ నుంచి ట్యాంక్‌బండ్, నెక్లెస్ రోడ్డు. అప్పుడప్పుడు బంజారాహిల్స్‌లో చెల్లెలి ఇంటికి.

ఒకగేరు_చాలు
52 విప్పేసి 40 ఉంచు. వెనక 17 పెట్టు.

గాలివాటం
40కి 17 మరీ చిన్నది. నెక్లెస్ రోడ్డు మీద కాళ్లు ఫ్యాను రెక్కల్లా తిరుగుతాయి. 40కి 15 పెట్టు బ్రో.

ఒకగేరు_చాలు
లెక్క వేద్దాం. ఇప్పటి రోడ్ సైకిళ్ల 700సి సైజు చక్రానికి చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. 40ని 17తో భాగిస్తే 2.35. అంటే పెడల్ ఒక చుట్టుకి దాదాపు 4.9 మీటర్లు. నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకి 26, 27 కిలోమీటర్లు. ఊళ్లో అంతకన్నా ఏం కావాలి? 15 పెడితే చుట్టుకి 5.6 మీటర్లు, అదే 90కి 30 దాటుతుంది. చదును మీద హాయిగానే ఉంటుంది. పంజాగుట్ట నుంచి చెల్లెలి ఇంటికి ఎక్కేటప్పుడు మాత్రం దేవుడు కనపడతాడు.

దిగుడు లెక్క కూడా చూడు. ఫిక్స్‌డ్‌లో దిగేటప్పుడు కాళ్లు ఆపలేం. 17తో గంటకి 40 వేగం వస్తే నిమిషానికి 135 చుట్లు తిరగాలి. కొత్తవాడికి అది చాలా ఎక్కువ. అందుకే దిగుడులో వేగం రాకముందే బ్రేకు.

ఓయూ_ట్రాక్
17కి ఇంకో లాభం ఉంది. గాలివాటం లాంటి స్కిడ్ వీరులకి ఇది ముఖ్యం. స్కిడ్ కొట్టేటప్పుడు పెడల్స్ ఎప్పుడూ ఒకే స్థితిలో ఉంటాయి, కాబట్టి టైరు కొన్ని చోట్లే అరుగుతుంది. ఎన్ని చోట్లంటే, ముందు పళ్లు, వెనక పళ్ల నిష్పత్తిని వీలైనంత చిన్నది చేస్తే కింద మిగిలే సంఖ్య. 40/16 అంటే 5/2, రెండే చోట్లు. టైరు వారాల్లో గుడ్డ బయటపెడుతుంది. 40/17 ఇక చిన్నది కాదు, కాబట్టి పదిహేడు చోట్లు. అందరికీ తెలిసిన 48/16 అయితే 3/1, మొత్తం అరుగుడు ఒకే చోట.

గాలివాటం
నాది 48/16. నెలకో టైరు ఎందుకు పోతోందో ఇప్పుడు అర్థమైంది.

నల్లకుంట_సైకిల్
ఈ ఒక్క మాటతో గాలివాటానికి ఏడాది టైర్ల ఖర్చు మిగిలింది. ఓయూ అన్నకి బిర్యానీ బాకీ.

కాచిగూడ_కుర్రోడు
17 ఖాయం. చక్రం సైజు దగ్గర ఇంకో చిక్కు. నా పాత టైరు మీద 27 × 1 1/4 అని ఉంది. కొత్త ట్రాక్ చక్రాలన్నీ 700సి అంటున్నారు. రెండూ ఒకటేనా?

పాతసామాను
కాదు. 27 అంగుళాల రిమ్ము 630 ఎంఎం, 700సి 622. టైర్లు ఒకదానికొకటి ఎక్కవు. 27 టైరు మన ఊళ్లో వెతికి వెతికి విసిగిపోతావు. 700సికి మారడమే మంచిది, డెకాత్లాన్‌లో కూడా టైర్లు ట్యూబులు దొరుకుతాయి. మారితే బ్రేకు రబ్బర్లు నాలుగు ఎంఎం కిందికి దించాలి. మఫాక్‌లో గాడి పొడుగ్గా ఉంటుంది, హాయిగా అందుతుంది.

ముందు చక్రం కూడా మార్చు. నేను పాతవి దాచమనేవాణ్ణే, అయినా ఇది మార్చమంటున్నాను. నీ పాత రిమ్ములు మెరిసే క్రోమ్ స్టీలువి అయి ఉంటాయి. అయస్కాంతం అంటుకుంటే స్టీలే. పొడిగా ఉంటే పర్వాలేదు. తడిస్తే బ్రేకు నొక్కినా చాలా దూరం జారుకుంటూ పోతుంది. జూలైలో ఖైరతాబాద్ దగ్గర వాన పడుతుంటే అది ప్రాణాలతో చెలగాటం. అల్యూమినియం రిమ్ము తడిలో కూడా పట్టుకుంటుంది.

వానకోయిల
నూటికి నూరుపాళ్లు నిజం. నేను కొండాపూర్ నుంచి రోజూ ఫిక్స్‌డ్ మీదే ఆఫీసుకి వెళ్తాను, వానాకాలం కూడా. తడి రోడ్డు మీద వెనక చక్రానికి పట్టు ఎంత ఉందో పెడల్‌లోనే తెలుస్తుంది, అది ఫిక్స్‌డ్‌లో నాకు ప్రాణం. కానీ ఆపేది మాత్రం ముందు అల్యూమినియం రిమ్మే.

కాచిగూడ_కుర్రోడు
అయస్కాంతం ఠక్కున అంటుకుంది. రెండు చక్రాలూ కొత్తవే తీసుకుంటాను. ఇప్పుడు క్రాంకు. బాటమ్ బ్రాకెట్ తిప్పితే లోపల గరగరమంటోంది. విప్పాలి. క్రాంకులు (పెడల్ చేతులు) కాటర్ పిన్నులవి, అంటే ఇరుసుకి అడ్డంగా పిన్ను పెట్టి బిగించే రకం.

బాలానగర్_లేత్
ఆగు. సుత్తి ముట్టుకోకు.

కాటర్ పిన్ను మీద సుత్తితో కొడితే పిన్ను మర దగ్గర పువ్వులా విచ్చుకుంటుంది, ఇక ఏ దారినా రాదు. పైగా దెబ్బ లోపల గోళీల మీద పడి, అవి తిరిగే కప్పుల్లో గుంటలు పడతాయి. పద్ధతి ఏంటంటే, ముందు రోజు రాత్రి డీజిల్ గానీ తుప్పు వదిలించే స్ప్రే గానీ వేసి వదిలేయ్. నట్టు పూర్తిగా తీయకు, మర చివరతో సమంగా ఉండేలా వదులు చెయ్. అవతలి వైపు పిన్ను తల పట్టేంత సాకెట్ పెట్టి, సీ క్లాంపుతో గానీ బెంచి వైస్‌తో గానీ మెల్లగా నొక్కు. ఠప్ మని ఒక్క చప్పుడుతో వదులుతుంది. ఆ చప్పుడు వింటే క్లాంపు విరిగిందనుకుంటావు, భయపడకు. తిరిగి పెట్టేటప్పుడు కొత్త పిన్నులే వాడు. సైజు మాత్రం పాతది చేతిలో పట్టుకుని కొలిచి కొను, మన నల్ల సైకిళ్ల పిన్ను మందం తేడా ఉండొచ్చు.

తర్వాత చైను వైపు ఉన్న కప్పు. మన షాపుల్లో అందరికీ ఇంగ్లీషు మర అలవాటు. ఇంగ్లీషు బాటమ్ బ్రాకెట్‌లో చైను వైపు ఎడమ మర, అందుకని గడియారం ముళ్లు తిరిగే వైపు తిప్పి విప్పుతారు. ఫ్రెంచి దాంట్లో రెండు వైపులా కుడి మరే, 35 ఎంఎం, పిచ్ 1. నీది ఫ్రెంచి అయితే, మెకానిక్ అలవాటు కొద్దీ తిప్పిన ప్రతిసారీ అది ఇంకా బిగుసుకుంటుంది. చివరికి పానా జారి కప్పు అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. కొన్ని ప్యూజోల్లో స్విస్ మర కూడా వస్తుంది. కొలత ఫ్రెంచిదే, చైను వైపు మాత్రం ఎడమ మర. కప్పు ముఖం మీద ఏమైనా చెక్కి ఉందేమో బ్రష్‌తో తుడిచి చూడు. ఏమీ లేకపోతే రెండు వైపులా ఓపికగా ప్రయత్నించాలి, బలంగా కాదు.

రాణీగంజ్_బేరింగ్
కప్పులు బాగుంటే అవే వాడుకోండి సార్. గోళీలు మార్చండి చాలు. పాత గోళీ ఒకటి తెచ్చి కొలిపించుకోండి, రాణీగంజ్‌లో ఏ బేరింగ్ షాపులోనైనా క్రోమ్ స్టీలు గోళీలు దొరుకుతాయి. సైకిల్ షాపులో దొరికే చవక గోళీలు వేయకండి, అన్నీ ఒకే సైజు ఉండవు. గ్రీజు బాగా దట్టించండి.

బాలానగర్_లేత్
రాణీగంజ్ భాయ్ మాటే నా మాట. ఫ్రెంచి కప్పులు కొత్తవి దొరకడం కష్టం, అందుకే ఉన్నవాటిని కంటికి రెప్పలా చూసుకో. అవి పోయినా దారి ఉంది. మరతో పని లేకుండా షెల్ లోపల బిగుసుకునే కార్ట్రిడ్జ్ బాటమ్ బ్రాకెట్లు బయటి దేశాల నుంచి తెప్పించుకోవచ్చు. అప్పుడు క్రాంకు కూడా మారుతుంది.

పెడల్స్ కూడా ఫ్రెంచివే ఉంటాయి, 14 ఎంఎం. కొత్త పెడల్ 9/16 అంగుళం, అంటే 14.3. అది నేరుగా ఎక్కదు. క్రాంకుకి ట్యాప్ వేస్తే ఎక్కుతుంది, కొంచెమే తీయాలి కాబట్టి ప్రమాదం లేదు. పాత పెడల్స్ తిరుగుతుంటే మాత్రం వాటినే ఉంచమంటాను.

పాతసామాను
పాత పెడల్స్‌కి కాలి ముందు భాగాన్ని పట్టే టో క్లిప్పులు ఉన్నాయా? ఉంటే తోలు పట్టీలు మార్చి వాడు. ఫిక్స్‌డ్‌లో కాలు పెడల్ మీద నుంచి జారితే తిరిగే పెడల్ పిక్క మీద కొడుతుంది. కాలు కట్టి ఉండటం తప్పనిసరి.

ఎల్బీనగర్_తమ్ముడు
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా నాన్న బీఎస్ఏ ఎస్ఎల్ఆర్ ఉంది. దాన్ని ఫిక్స్‌డ్ చేయొచ్చా?

ఒకగేరు_చాలు
చేయొచ్చు కానీ చిక్కు అదే. దాని హబ్బుకి కూడా లాక్‌రింగ్ మర ఉండదు. చక్రం 26 × 1 3/8, అంటే 590 ఎంఎం రిమ్ము. ఆ సైజు రిమ్ముకి ట్రాక్ హబ్బు పెట్టి చువ్వలు అల్లించుకోవాలి. హబ్బుకి ఎన్ని రంధ్రాలున్నాయో, రిమ్ముకి అన్నే ఉండాలి, అది చూసుకుని కొను. విడిగా థ్రెడ్ పెట్టు, అక్కడ మాట్లాడదాం.

కాచిగూడ_కుర్రోడు
కాటర్ పిన్నులు వచ్చేశాయి! లేత్ అన్న చెప్పిన ఠప్ చప్పుడుకి ఇంట్లో అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. కప్పు మీద 35 × 1 అని సన్నగా చెక్కి ఉంది. మామూలు వైపు తిప్పితే వదిలింది, అంటే ఫ్రెంచే. లోపల గ్రీజు ఎండి బెల్లం పాకంలా గట్టిపడింది. కప్పులు కిరోసిన్‌లో కడిగితే నున్నగా ఉన్నాయి, ఒక్క గుంట లేదు. గోళీలు రాణీగంజ్‌లో తెచ్చాను. చైను ఏది కొనాలి?

ఒకగేరు_చాలు
అది మన ఊళ్లో అన్నిటికన్నా తేలిక. ట్రాక్ కాగ్ 1/8 వెడల్పు అయితే చైను కూడా 1/8 కావాలి. మన నల్ల సైకిళ్లకి వాడేది ఆ సైజే. ముందు 40 పళ్ల చక్రం సన్నటిదే అయినా వెడల్పు చైను దాని మీద నడుస్తుంది. సన్న చైను వెడల్పు కాగ్ మీద మాత్రం కూర్చోదు. కోఠీ ఈసామియా బజార్‌లో ఏ సైకిల్ షాపులో అడిగినా ఇస్తారు. అన్నిటికన్నా మంచిది ఏదో అడిగి అదే తీసుకో. ఈ సైకిల్‌లో సగం బ్రేకు ఆ చైనే.

ఓయూ_ట్రాక్
చైన్‌లైన్ చూడటం మరిచిపోకు. కాగ్, ముందు పళ్లచక్రం ఒకే గీతలో ఉండాలి. ట్రాక్ హబ్బు కాగ్, ఫ్రేము మధ్య గీత నుంచి 42 ఎంఎం దూరంలో ఉంటుంది. రెండు పళ్లచక్రాల పాత క్రాంకుల్లో లోపలిది కూడా ఇంచుమించు అక్కడే వస్తుంది. ఒకటి రెండు ఎంఎం తేడా ఉంటే స్పేసర్లతో సర్దుకోవచ్చు. అంతకు మించితే చైను చప్పుడు చేస్తుంది, ఊడే ప్రమాదం కూడా. ఫిక్స్‌డ్‌లో చైను ఊడితే చక్రం బిగుసుకుపోవచ్చు, ఇది చిన్న విషయం కాదు.

బిగువు ఎంతంటే, చైను మధ్యలో వేలితో నొక్కితే పైకీ కిందికీ కలిపి ఒక సెంటీమీటరు ఆడాలి. పెడల్ మెల్లగా పూర్తి చుట్టు తిప్పి, ఎక్కడ ఎక్కువ బిగువుగా ఉందో అక్కడ చూడు. ముందు పళ్లచక్రం నూటికి నూరుశాతం గుండ్రంగా ఉండదు కాబట్టి బిగువు మారుతూ ఉంటుంది. వదులైన చోట చూసి బిగించావంటే, బిగువైన చోట బేరింగ్ ఏడుస్తుంది.

వానకోయిల
కాగ్ బిగించేటప్పుడు మరకి గ్రీజు రాసి, పళ్లచక్రం తిప్పే చైన్ విప్ పానా‌తో ఒంట్లో ఉన్న బలమంతా పెట్టు. తర్వాత లాక్‌రింగ్, దానికి కొక్కెం పానా కావాలి. అది ఎడమ మర, గడియారం ముళ్లకి వ్యతిరేకంగా బిగుస్తుంది. తర్వాత ఒక ఎక్కుడు ఎక్కి దిగు, మళ్లీ లాక్‌రింగ్ బిగించు. ఎక్కుడులో కాగ్ ఇంకొంచెం లోపలికి తిరుగుతుంది, లాక్‌రింగ్ వదులవుతుంది. ఇది మానొద్దు.

బాలానగర్_లేత్
కొక్కెం పానా నా దగ్గర ఉంది. ఆదివారం షాపుకి తెచ్చుకో, కలిసి బిగిద్దాం. యాక్సిల్ నట్లు కూడా వాషర్ అతికి ఉండే ట్రాక్ నట్లు వాడు. మామూలు నట్టు అయితే ఎక్కుడులో చక్రం ముందుకి జారుతుంది.

మోకాలు_చిప్ప
మొదటిసారి ఎక్కడ తొక్కబోతున్నారు?

నల్లకుంట_సైకిల్
ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు ఉన్న హెల్త్‌వే ట్రాక్ మంచిది. 2023లో తెరిచారు, అప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు. ఆటో రాదు, బస్సు రాదు.

కాచిగూడ_కుర్రోడు
ఆదివారం బాలానగర్‌లో బిగించాం. లేత్ అన్న భోజనం పెట్టి మరీ పంపించారు. సోమవారం తెల్లారి నెక్లెస్ రోడ్డు మీద తొక్కాను, హెల్త్‌వేకి ఈ వారం చివర్లో వెళ్తాను. కాళ్లు ఆపబోయిన ప్రతిసారీ సైకిల్ ఒప్పుకోలేదు, కాలు పట్టుకుని తనతో పాటు తిప్పేసింది. స్పీడ్ బ్రేకర్ మీద సీటు నుంచి లేచినా పెడల్స్ తిరుగుతూనే ఉండాలి, అది కొత్తగా ఉంది. మలుపులో లోపలి పెడల్ ఒకసారి రోడ్డుకి గీసుకుంది. నౌబత్ పహాడ్ పక్క ఎక్కుడు 17తో కూర్చునే ఎక్కేశాను. పెద్దనాన్న గేటు దగ్గర నిలబడి చూసి, పాత డిరైలర్ ఎక్కడ పెట్టావని అడిగారు. కవర్లో పేరు రాసి ఉంచానంటే చాలా సంతోషించారు.

పాతసామాను
ఈ రోజు నాకు ఇది చాలు.

ఓయూ_ట్రాక్
పెడల్ గీసుకోవడం మామూలే. రోడ్ ఫ్రేముకి బాటమ్ బ్రాకెట్ ట్రాక్ ఫ్రేము కన్నా కిందికి ఉంటుంది. ఫిక్స్‌డ్‌లో లోపలి పెడల్‌ని పైకి ఆపుకోలేం కాబట్టి మలుపుకి ముందే వేగం తగ్గించు, సైకిల్ కన్నా ఒంటిని ఎక్కువ వంచు. ముందు ముందు క్రాంకు మార్చాల్సి వస్తే 165 ఎంఎం తీసుకో.

గాలివాటం
ఫోటో పెట్టు బ్రో. ఇంకో మాట. నేనూ ముందు బ్రేకు ఒకటి కొన్నాను, నిన్న బిగించాను. 16 తీసి 17 కూడా పెడుతున్నాను. లేత్ అన్నా, నా హబ్బు చూసి చెప్తారా?

బాలానగర్_లేత్
రా. ఆ లాక్‌టైట్ వదిలించడానికి వేడి చేయాలి, కాబట్టి టైరు, ట్యూబు విప్పి తీసుకురా. హబ్బు మర చూశాకే ఏదైనా చెప్తాను. నా అంచనా ప్రకారం కొత్త ట్రాక్ హబ్బు కొనాల్సి వస్తుంది.

కాచిగూడ_కుర్రోడు
ఫోటోలు సాయంత్రం పెడతాను. ఒక సందేహం. మొదటి రైడ్‌లో వెనక చక్రం నుంచి టిక్ టిక్ మని వచ్చింది, ఇప్పుడు తగ్గింది. కంగారు పడాలా?

వానకోయిల
కొత్త చక్రంలో చువ్వలు సర్దుకుంటాయి, అదే అయి ఉంటుంది. కానీ ఒకసారి బెండు తీయించు, ఒక్కో చువ్వ బిగువు చూపించు. లాక్‌రింగ్ మళ్లీ బిగించావా?

కాచిగూడ_కుర్రోడు
ఇంకా లేదు.

వానకోయిల
అయితే ముందు అది. బిగించేవరకు ఎక్కొద్దు. గాలివాటంతో పాటు నువ్వూ బాలానగర్ వెళ్లిపో.